మారథాన్ వెంటనే చిన్న రేసు: దమ్ము తిరిగొచ్చినంత మాత్రాన కాళ్లు సిద్ధమైనట్టేనా?

మారథాన్ పూర్తయిన వారం, పది రోజులకు చాలామందికి ఒక కోరిక పుడుతుంది. నెలల తరబడి చేసిన ప్రాక్టీసు ఇంకా ఒంట్లోనే ఉంది. నొప్పులు దాదాపు తగ్గాయి. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోంది గానీ లేచి చేయాల్సిన పనేమీ లేదు. సరిగ్గా అప్పుడే ఒక టెన్‌కే పోటీ కంటపడుతుంది. నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తినవాళ్లకు పది ఒక లెక్కా అనుకుని పేరు ఇచ్చేస్తారు. మారథాన్‌లో అనుకున్న టైమ్ రానివాళ్లయితే ఇంకా తొందరపడతారు. అక్కడ తీరని కసి ఇక్కడైనా తీర్చుకోవాలనుకుంటారు.

ఆ కోరికను నేను తప్పు పట్టను. మారథాన్ తర్వాత కొన్ని వారాలకు పరుగెత్తిన చిన్న రేసులో తమ పర్సనల్ బెస్ట్ సాధించినవాళ్లు ఉన్నారు. అదే తొందరలో పిక్క పట్టేసి నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఈ రెండు ఫలితాల మధ్య తేడాను అదృష్టం మీదికి నెట్టేస్తే సరిపోదు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, వాటిని ఎముకలకు కలిపే టెండన్లు, ఎముకలు అన్నీ మారథాన్ దెబ్బ నుంచి ఒకే వేగంతో తేరుకోవు. ముందుగా తేరుకున్న భాగాలు ‘మేం రెడీ’ అని గట్టిగానే చెబుతాయి. ఆలస్యంగా తేరుకునేవి మాత్రం నోరు విప్పవు. చిక్కంతా అక్కడే ఉంది.

దెబ్బ తగిలేది ఎక్కడ

నాలుగు గంటల్లో మారథాన్ ముగించే మనిషిని తీసుకుందాం. నిమిషానికి 170 అడుగుల చొప్పున చూస్తే మొత్తం దాదాపు 40,000 అడుగులు. ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు, రెండున్నర రెట్ల భారం ఒక్క కాలి మీద పడుతుంది. పాదం నేలకు ఆనగానే మోకాలు కొద్దిగా వంగుతుంది. అది మరీ వంగి కూలబడిపోకుండా తొడ ముందు భాగంలోని కండరం పట్టి ఆపుతుంది. అంటే ఆ క్షణంలో ఆ కండరం ఒకపక్క బిగుసుకుంటూ, ఇంకోపక్క సాగుతూ ఉంటుంది. కండరానికి అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది ఇలా సాగుతూ పనిచేసినప్పుడే. సైకిల్ మీద నాలుగు గంటలు తొక్కినవాళ్లు అలిసిపోతారు గానీ మర్నాడు ఇంతలా కుంటరు. సైకిల్ తొక్కడంలో ఈ సాగే పని దాదాపు ఉండదు కాబట్టి.

మారథాన్ మర్నాడు మెట్ల దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు కాళ్లు బరువుగా ఉన్నా ఎలాగోలా ఎక్కేస్తారు. దిగడమే గండం. రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఊపిరి బిగబట్టి దిగుతారు. మెట్టు దిగడమంటే, ముందు రోజు దాదాపు ఇరవై వేల సార్లు చేసిన పనినే ఆ తొడ కండరం చేత మళ్లీ చేయించడం. ఎక్కడానికి అది కుంచించుకుంటే చాలు, దిగడానికి మాత్రం భారం మోస్తూ సాగాలి.

కండర తంతువుల లోపల ఏం జరిగిందో రక్త పరీక్షలో కొంత కనిపిస్తుంది. తంతువుల పొరలు దెబ్బతిన్నప్పుడు లోపలి పదార్థాలు రక్తంలోకి కారతాయి. వాటిలో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ముఖ్యమైనది. మారథాన్ తర్వాత అది మామూలు స్థాయికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. సాధారణంగా మర్నాటికి గరిష్ఠానికి చేరి, తర్వాత కొన్ని రోజుల పాటు మెల్లగా దిగుతుంది. గుండె కండరం మీద ఒత్తిడిని చూపించే ట్రోపోనిన్ కూడా చాలామందిలో పెరుగుతుంది గానీ ఆరోగ్యవంతుల్లో రెండు మూడు రోజుల్లో మామూలైపోతుంది. మూత్రపిండాల సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలో 2015 హార్ట్‌ఫర్డ్ మారథాన్‌లో పాల్గొన్న 22 మందిని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించారు. రేసు ముగిసిన వెంటనే వాళ్లలో 82 శాతం మందికి మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. రెండు రోజుల్లో కుదుటపడ్డాయి.

ఈ వివరాలు భయపెట్టడానికి చెప్పడం లేదు. గుండె, మూత్రపిండాలు రోజుల్లో కోలుకుంటాయి. కండర తంతువుల మరమ్మతుకు వారాలు పడుతుంది. టెండన్లకు రక్త ప్రసరణ తక్కువ కాబట్టి అవి ఇంకా నిదానం. ఎముకలో ఏర్పడిన సూక్ష్మమైన పగుళ్లను ఒళ్లు ముందు తొలిచి శుభ్రం చేసి, ఆ తర్వాత పూడుస్తుంది. తొలవడానికి, పూడ్చడానికి మధ్య కొన్ని వారాలు ఆ చోటు బలహీనంగానే ఉంటుంది. మారథాన్ అయిన మూడో వారంలో, అంతా సర్దుకుందనుకున్నాక స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడటం వెనుక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

నొప్పి తగ్గడం, మానడం ఒకటి కాదు

కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ఐదు నుంచి ఏడు రోజుల్లో చాలావరకు పోతుంది. ఎనిమిదో రోజు మెట్లు మామూలుగా దిగేసరికి మనం అంతా మానిపోయిందని తీర్మానించుకుంటాం. కానీ ఆ నొప్పి వాపుతో, ఆ చోట నరాలు సున్నితం కావడంతో వచ్చింది. వాపు తగ్గగానే నొప్పి పోతుంది. తంతువుల పునర్నిర్మాణం ఆ తర్వాత కూడా లోపల సాగుతూనే ఉంటుంది.

దీనికి తోడు నరాల అలసట ఒకటి. సుదీర్ఘమైన పరుగు తర్వాత కండరాన్ని పూర్తి బలంతో బిగించమని మెదడు ఇచ్చే ఆదేశమే కొన్నాళ్లు బలహీనపడుతుంది. మామూలు నడకలో, నెమ్మదైన జాగింగ్‌లో ఈ లోటు తెలియదు, ఎందుకంటే అక్కడ పూర్తి బలం అక్కర్లేదు. వేగం పెంచినప్పుడే బయటపడుతుంది.

మారథాన్ అయిన రెండో వారంలో టెన్‌కే గట్టిగా పరుగెత్తినవాళ్లను అడిగితే చాలామంది ఒకే రకమైన అనుభవం చెబుతారు. మొదటి రెండు కిలోమీటర్లు గాల్లో తేలినట్టు ఉంటుంది. మారథాన్ ప్రాక్టీసుతో వచ్చిన దమ్ము అది. మూడు, నాలుగు కిలోమీటర్ల దగ్గర విచిత్రంగా ఊపిరి తేలిగ్గానే ఆడుతుంటుంది, చేతి వాచీలో గుండె వేగం కూడా మామూలు రేసులో ఉండేదానికంటే తక్కువగానే కనిపిస్తుంది, కానీ కాళ్లు మాత్రం తిరగవు. ఇంకా తోద్దామంటే తోయడానికి కింద ఏమీ లేదు. మామూలుగా టెన్‌కేలో మనల్ని ఆపేది ఆయాసం. ఇక్కడ ఆయాసం రాకముందే తొడలు చేతులెత్తేస్తాయి. ఇంజిన్ బాగుంది, టైర్లే అరిగిపోయాయి. ఈ స్థితిలో మొండిగా తోస్తే తొడలు చేయలేని పనిని పిక్కలు, తొడ వెనుక కండరాలు, మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ నెత్తినేసుకుంటాయి. గాయాలు ఎక్కువగా అక్కడే అవుతాయి.

చాలామంది రన్నర్లు ఈ నీరసాన్ని తిండి మీదికి నెడతారు, కార్బోహైడ్రేట్లు సరిగ్గా పడలేదని. లెక్క వేసి చూస్తే అది పొసగదు. పరుగులో కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుందనేది అందరూ వాడే మోటు లెక్క. 65 కిలోల మనిషికి మారథాన్‌లో దాదాపు 2,750 కేలరీలు పోతాయి. టెన్‌కేకి 650 చాలు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజన్ (తిన్న కార్బోహైడ్రేట్లను ఒళ్లు దాచుకునే రూపం) దానికి ధారాళంగా సరిపోతుంది. దెబ్బతిన్న కండరం గ్లూకోజ్‌ను మామూలుగా లోపలికి తీసుకోలేదు కాబట్టి మారథాన్ తర్వాత నిల్వలు నిండటం కాస్త ఆలస్యమైన మాట నిజమే. అయినా వారం, పది రోజుల్లో మామూలు భోజనంతోనే నిండుతాయి. రెండో వారంలో కాళ్లు ఆడకపోవడానికి ఇంధనం కొరత కారణం కాదు. అందుకే రేసు ముందు రాత్రి ఎంత తిన్నా ఆ లోటు తీరదు.

మైలుకో రోజు

ఎన్ని రోజులు ఆగాలి అనే ప్రశ్నకు రన్నర్లలో బాగా తిరిగే జవాబు ఒకటుంది. రేసులో ఎన్ని మైళ్లు పరుగెత్తామో అన్ని రోజులు గట్టి పరుగు, పోటీ వద్దు అని. న్యూజిలాండ్ రన్నర్ జాక్ ఫోస్టర్ పేరు మీద ఈ సూత్రం ప్రచారంలోకి వచ్చింది. ఆయన 1974 కామన్వెల్త్ క్రీడల మారథాన్‌లో 41 ఏళ్ల వయసులో 2 గంటల 11 నిమిషాల 19 సెకన్లకు రజతం గెలిచారు. కాబట్టి కోలుకోవడం గురించి ఆయన మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఈ లెక్కన మారథాన్ తర్వాత 26 రోజులు ఆగాలి.

మైలుకో రోజు కాబట్టి 26 వచ్చింది. అదే కిలోమీటరుకో రోజు అని ఉంటే 42 వచ్చేది. కొలమానం మారితే జవాబు మారిపోయే సూత్రాన్ని శరీరధర్మంగా చూడలేం. అనుభవం నుంచి పుట్టిన మంచి అంచనా అనుకోవచ్చు, అంతే. పైగా అది పరుగెత్తిన మనిషిని చూడదు. మొదటి మారథాన్‌లో చివరి పన్నెండు కిలోమీటర్లు కండరాలు పట్టేసి ఈడ్చుకుంటూ వచ్చినవాళ్లకు, పదో మారథాన్‌ను హాయిగా ముగించినవాళ్లకు ఒకే గడువు చెబుతుంది. వాతావరణం, దారిలోని ఏటవాలు కూడా లెక్కలోకి రావు. పల్లం ఎక్కువగా ఉన్న కోర్సులో దిగుడు అడుగులు ఎక్కువ, కాబట్టి తొడల దెబ్బా ఎక్కువే. అక్కడ టైమ్ బాగా వస్తుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది.

అయినా ఆ సూత్రానికి నేను విలువ ఇస్తాను. తొందరలో ఉన్న మనిషిని దాదాపు నాలుగు వారాలు ఆపుతుంది కదా. మామూలు రన్నర్‌కు గట్టి రేసుకు ముందు అంత విరామం న్యాయమైనదే.

చాంపియన్లు చేశారు కదా?

ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెకొస్లొవేకియా రన్నర్ ఎమిల్ జాటొపెక్ పేరు ఎత్తుతారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జూలై 20న 10,000 మీటర్లు, 24న 5,000 మీటర్లు, 27న మారథాన్ గెలిచారు. వారంలో మూడు స్వర్ణాలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ రన్నర్ సిఫాన్ హసన్ 5,000, 10,000 మీటర్లలో కాంస్యాలు అందుకుని, 10,000 మీటర్ల ఫైనల్ జరిగిన రెండు రోజులకే మారథాన్‌లో ఒలింపిక్ రికార్డుతో స్వర్ణం గెలిచారు. 1976 ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ రన్నర్ లాసె విరెన్ 5,000 మీటర్లు గెలిచిన మర్నాడే మారథాన్‌లో దిగి ఐదో స్థానంలో నిలిచారు.

ముగ్గురిలోనూ వరుస గమనించండి. చిన్న రేసులు ముందు, మారథాన్ చివర. ఒలింపిక్స్ కార్యక్రమం అలా ఉండటం వల్లే కావచ్చు, కానీ దాన్ని తలకిందులు చేస్తే ఆ ఫలితాలు ఊహించడం కష్టం. ట్రాక్ మీద పది కిలోమీటర్లు కాళ్లను అలసట పెడతాయి, మారథాన్ తంతువులను చించుతుంది. అలిసిన కాళ్లతో నెమ్మదైన వేగంలో దూరం వెళ్లడం ఒక రకం కష్టం, చినిగిన తంతువులతో వేగంగా పరుగెత్తడం పూర్తిగా ఇంకో రకం. అందుకని ఈ ముగ్గురి ఉదాహరణలు మన ప్రశ్నకు జవాబు చెప్పవు.

నిజంగా ఎదురు నిలిచే ఉదాహరణ జపాన్‌కు చెందిన యుకి కవాఉచి. ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూనే ఏడాదికి ఎన్నో మారథాన్లు పరుగెత్తిన మనిషి. 2013 డిసెంబర్ 1న ఫుకుఒకాలో 2:09:05కు ముగించి, రెండు వారాలకే హోఫులో 2:09:15కు ముగించారు. 2018లో చలిలో, కుండపోత వానలో బోస్టన్ మారథాన్ గెలిచారు. మైలుకో రోజు సూత్రం ఆయన ముందు నిలబడదు.

కవాఉచి విషయంలో పనిచేసింది కండరానికి ఉండే ఒక గుణం. ఒకసారి సాగుడు దెబ్బ తిన్న కండరం, మానాక, అదే రకం దెబ్బకు రెండోసారి అంతగా గాయపడదు. ఆ రక్షణ వారాల పాటు నిలుస్తుంది. ఏడాది పొడవునా రేసులు పరుగెత్తేవాళ్ల కాళ్లు ఆ రక్షణలోనే ఉంటాయి. ఏడాదికి ఒకటో రెండో మారథాన్లు చేసే మనకు అది కొంతవరకే దొరుకుతుంది. ప్రాక్టీసులో చేసిన 30, 32 కిలోమీటర్ల పొడవాటి పరుగులు, పల్లపు దారిలో పరుగులు ఎంత ఇచ్చాయో అంతే. కాబట్టి ‘ఆయన చేశాడు కదా’ అనే బదులు, మారథాన్‌కు ముందు మన కాళ్లు ఏం చూశాయో అడగాలి. పొడవాటి పరుగులు సరిగ్గా చేయకుండా మారథాన్‌లో దిగినవాళ్లు రెండు వారాల్లో రేసు అనే మాటే తలపెట్టకూడదు.

దూరం తగ్గితే ప్రమాదం తగ్గదు

ఫైవ్‌కే చిన్నది కాబట్టి సురక్షితం అనుకోవడం బాగా పాతుకుపోయిన నమ్మకం. నేను ఒప్పుకోను. 1977లో పీటర్ రీగెల్ అనే ఇంజినీరు ఒక దూరంలో వచ్చిన టైమ్ నుంచి ఇంకో దూరంలో రాగల టైమ్‌ను అంచనా వేసే సూత్రం ఇచ్చారు. ఇప్పటికీ చాలా క్యాలిక్యులేటర్లలో ఉన్నది అదే. దాని ప్రకారం నాలుగు గంటల మారథానర్ ఫైవ్‌కేను 25 నిమిషాల్లో, టెన్‌కేను 52 నిమిషాల్లో, 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌ను గంటా 55 నిమిషాల్లో ముగించగలగాలి. మారథాన్‌లో అతని పేస్ కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. ఫైవ్‌కేలో సరిగ్గా 5 నిమిషాలు. అంటే కిలోమీటరుకు 41 సెకన్ల తేడా. ఆ వేగంలో అడుగు పొడుగవుతుంది, మడమ వెనుక టెండన్ మీద లాగుడు పెరుగుతుంది, తొడ వెనుక కండరం ఇంకా గట్టిగా పనిచేయాల్సి వస్తుంది. గత రెండు, మూడు నెలలుగా మారథాన్ పేస్‌కు అలవాటు పడ్డ కాళ్లు ఈ వేగాన్ని ఎప్పుడో గానీ చూసి ఉండవు. చివరి రెండు వందల మీటర్ల స్ప్రింట్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

హాఫ్ మారథాన్ ఇబ్బంది వేరు. పేస్ కిలోమీటరుకు 5:27, మారథాన్‌కు కాస్త దగ్గరే. కానీ దాదాపు రెండు గంటల పాటు అదే కండరాలకు అదే రకం దెబ్బ. ఇంకా మానని చోట మళ్లీ గీసినట్టు అవుతుంది, మొత్తం కోలుకునే గడువు వెనక్కి జరుగుతుంది. ఈ మూడింటిలో మారథాన్ తర్వాత నేను ముందుగా సిఫారసు చేసేది టెన్‌కే. అది గంటలోపు అయిపోతుంది, నెమ్మదిగా మొదలుపెట్టి చూసుకోవడానికి వీలుంటుంది. ఫైవ్‌కేలో ఆ వీలు ఉండదు, మొదటి కిలోమీటరే రేసైపోతుంది.

ఏ వారంలో ఏం చేయొచ్చు

మొదటి వారంలో రేసు వద్దు. ఇందులో మినహాయింపులు వెతకొద్దు. ఆ వారంలో జాగింగ్ చేస్తే కాళ్లు త్వరగా కోలుకుంటాయనే మాటకు బలం లేదు. నడక, ఈత, తేలిగ్గా సైకిల్ చాలు. విశ్రాంతి తీసుకుంటే ఫిట్‌నెస్ కరిగిపోతుందనే భయమూ అనవసరం. పది రోజుల్లో దమ్ము చెప్పుకోదగ్గంత తగ్గదు. జలుబు, గొంతు నొప్పి వచ్చే అవకాశం కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ. 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ తర్వాతి వారంలో పాల్గొన్నవాళ్లలో 12.9 శాతం మంది అలాంటి అనారోగ్యం చెప్పారు. అలాగే ప్రాక్టీసు చేసి కూడా పరుగెత్తనివాళ్లలో అది 2.2 శాతమే. అవన్నీ నిజంగా ఇన్ఫెక్షన్లేనా, పొడిగాలికి గొంతు రేగడం వల్ల వచ్చినవా అనే వాదన నిపుణుల్లో ఉంది. ఏదైనా, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు రేసు మానేయడమే మంచిది.

రెండు వారాలకు రేసు ఉంటే వెళ్లండి, కానీ పోటీకి కాదు. టెన్‌కే అయితే మీ మారథాన్ పేస్‌ను దాటొద్దు. మన నాలుగు గంటల మనిషికి అది 57 నిమిషాల టెన్‌కే. తన సత్తాకంటే ఐదు నిమిషాలు ఎక్కువ. దాన్ని అవమానంగా తీసుకునే మనస్తత్వం ఉంటే బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు) తీసుకోకపోవడమే మేలు. హాఫ్ మారథాన్‌కు పేరిచ్చి ఉంటే, నిర్వాహకులు దూరం మార్చుకోనిస్తే టెన్‌కేకు మారిపోండి. కట్టిన ఫీజు వృథా అవుతుందని పరుగెత్తడం మాత్రం వద్దు. ఆ డబ్బు పరుగెత్తినా తిరిగి రాదు.

మూడో వారం ఊగిసలాట వారం. నాకు తెలిసినంతలో ఎక్కువ గాయాలు ఇక్కడే. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, పరుగు మళ్లీ రుచిస్తుంది, పేస్ తనంతట తనే పెరుగుతుంది. మారథాన్‌ను మంచి స్థితిలో ముగించి, కొన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఈ వారంలో టెన్‌కేను కాస్త గట్టిగా పరుగెత్తొచ్చు. హాఫ్ అయితే మారథాన్ పేస్‌లో, పొడవాటి ప్రాక్టీసు పరుగులా. మొదటి మారథాన్ చేసినవాళ్లు, యాభై దాటినవాళ్లు దీనికి ఇంకో వారం, పది రోజులు కలుపుకోవాలి.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య అసలైన అవకాశం వస్తుంది. తంతువులు చాలావరకు కుదురుకున్నాయి, నెలల పాటు కట్టిన దమ్ము ఇంకా ఉంది, విశ్రాంతి దొరికింది. పర్సనల్ బెస్ట్‌లు వచ్చేది ఈ సమయంలోనే. అయితే రీగెల్ సూత్రం ఇచ్చిన టైమ్ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. అది ఆ దూరానికి తగ్గ ప్రాక్టీసు చేసినవాళ్లకు పనికొచ్చే అంచనా. మారథాన్ ప్రాక్టీసులో వేగం పని తక్కువ. అందుకే నాలుగో వారంలో కాళ్లు బాగుంటే 80, 100 మీటర్ల తేలికపాటి వేగపు పరుగులు ఐదారు, ఆ తర్వాత ఒకరోజు అనుకున్న రేసు పేస్‌లో మూడు సార్లు కిలోమీటరు చొప్పున పరుగెత్తి చూసుకోవడం మంచిది. మూడో కిలోమీటరు కూడా మొదటిదానిలాగే వస్తే రేసుకు సిద్ధమైనట్టే. ఊపిరి బాగుండి కాళ్లు జావగారితే ఇంకా కాలేదు.

కాళ్లనే అడగండి

క్యాలెండర్ ఏం చెప్పినా రేసుకు మూడు నాలుగు రోజుల ముందు కొన్ని పరీక్షలు చేసుకోవచ్చు. చెప్పులు లేకుండా ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తుతూ దించుతూ ఇరవై సార్లు చేయండి. తర్వాత రెండో కాలు. రెండింటికీ తేడా స్పష్టంగా ఉంటే ఆ పిక్క ఇంకా కోలుకోలేదు. ఒంటికాలి మీద పది గెంతులు వేయండి. గెంతినప్పుడు ఎముక మీద ఒకే చోట చురుక్కుమంటే, ఆ చోటును వేలితో నొక్కినప్పుడు కూడా అక్కడే నొప్పి తెలిస్తే రేసు సంగతి పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి. రెండు కాళ్లలోనూ సమానంగా, వెడల్పుగా ఉండే నొప్పి కండరాల బడలిక. ఒకవైపే, ఒకే చోట ఉండే నొప్పిని ఎప్పుడూ అనుమానించాలి.

పొద్దున లేవగానే నాడి చూసుకునే అలవాటు ఉంటే, అది మామూలుకంటే ఐదారు ఎక్కువగా వరసగా కొన్ని రోజులు ఉందేమో గమనించండి. నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, పరుగంటే విసుగు కూడా ఒళ్లు ఇంకా కోలుకోలేదని చెప్పే గుర్తులే. మనసు అలిసిపోవడాన్ని చాలామంది బద్ధకం కింద జమ కడతారు. నెలల తరబడి ఒకే లక్ష్యం కోసం బతికాక ఆ వెలితి రావడం సహజం. దాన్ని ఇంకో రేసుతో పూడ్చాలనుకోవడమూ సహజమే, కానీ రేసు దానికి మందు కాదు.

నొప్పి మాత్ర వేసుకుని రేసుకు వెళ్లడం మాత్రం చేయొద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి నొప్పిని కప్పేస్తాయి, ఆపాల్సిన చోట ఆగమని చెప్పే ఒకే ఒక్క సంకేతాన్ని మూసేస్తాయి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి మూత్రపిండాల మీద భారం పెంచుతాయి. మారథాన్ తర్వాత గానీ, ఈ రేసు తర్వాత గానీ మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే, కండరాలు విపరీతంగా వాచి కదల్చలేకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం భారీగా విచ్ఛిన్నమై మూత్రపిండాలను దెబ్బతీస్తున్న లక్షణాలు కావచ్చు అవి.

రేసు రోజు

వార్మప్ మామూలుకంటే పొడిగించండి. పదిహేను, ఇరవై నిమిషాల నెమ్మదైన జాగింగ్, చివర్లో రెండు మూడు వేగపు పరుగులు. ఆ వార్మప్‌లోనే కాళ్లు కర్రల్లా ఉంటే రేసు ప్లాన్ అక్కడే మార్చుకోవాలి. మొదటి మూడు కిలోమీటర్లు అనుకున్న పేస్ కంటే పది, పదిహేను సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. అందరూ దాటుకుని పోతుంటే మనసు ఊరుకోదు, తెలుసు. ఐదో కిలోమీటరు దగ్గర ఒక్క ప్రశ్న వేసుకోండి: నన్ను ఆపుతున్నది ఆయాసమా, కాళ్లా? ఆయాసమైతే అది రేసులో ఉండాల్సిన కష్టమే, కొంచెం తోయొచ్చు. కాళ్లయితే ఉన్న పేస్‌లోనే, లేదా ఇంకా తగ్గించి ముగించండి. నడక మారిందని, కుంటుతున్నానని తెలిసిన క్షణం పక్కకు వచ్చేయండి. కుంటుతూ పూర్తి చేసిన రెండు కిలోమీటర్లు రెండు నెలలు తినేయగలవు. దిగుడు దారిలో అడుగులు చిన్నవి చేయండి. ఫినిష్ లైన్ కనబడగానే స్ప్రింట్ మొదలుపెట్టే అలవాటును ఈ ఒక్కసారికి వదిలేయండి.

బూట్ల గురించి ఒక మాట. మారథాన్‌లో వాడిన జత అడుగు మెత్తదనం తగ్గి ఉండొచ్చు, చూసుకోండి. అలాగని ఈ రేసు కోసం కొత్త రకం బూట్లు మొదటిసారి తొడుక్కోవద్దు. గట్టి ప్లేటు ఉన్న రేసు బూట్లలో పరుగెత్తినప్పుడు పాదానికి, పిక్కకు పడే భారం తీరు మారుతుంది. ఇంకా కోలుకుంటున్న కాళ్లకు ఇది ఆ మార్పు చేసే సమయం కాదు.

రేసు అయ్యాక చాలామంది మారథాన్ లెక్క మర్చిపోయి, ఇది పది కిలోమీటర్లే కదా అని రెండు రోజుల్లో మామూలు ప్రాక్టీసు మొదలుపెడతారు. ఈ రేసు తాజా కాళ్ల మీద పడలేదు, పాత దెబ్బ పూర్తిగా మానకముందే దాని మీద పడింది. మూడు, నాలుగు వారాల్లో గట్టిగా పరుగెత్తిన టెన్‌కే తర్వాత కనీసం వారం, హాఫ్ తర్వాత రెండు వారాలు నెమ్మదైన పరుగులే చేయాలి. తర్వాతి మారథాన్ ప్రాక్టీసు తేదీని ఈ చిన్న రేసు జరిగిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి.